ముక్కులో గాలి నడకను కంప్యూటర్‌లో లెక్కగట్టడం: సీటీ స్కాన్ నుంచి ఫలితం దాకా

ముక్కు దిబ్బడతో ఈఎన్‌టీ వైద్యుల దగ్గరికి వెళ్లిన చాలామంది స్కాన్ తీయించుకున్నాక వినే మాట ఒకటుంది: ముక్కు దూలం వంకరగా ఉంది. అయితే దూలం కొంచెం కూడా వంకర లేని ముక్కు అరుదు, వంకర ఉన్న ప్రతివారికీ దిబ్బడ ఉండదు. ఆ వంకర గాలికి నిజంగా అడ్డుపడుతోందా, పడితే ఎక్కడ, ఎంత అనేది స్కాన్ బొమ్మ చూసి తేల్చలేం. రైనోమానోమెట్రీ పరీక్ష ఒక్కో వైపు మొత్తం నిరోధాన్ని అంకెగా ఇస్తుంది గానీ, ఆ నిరోధం ముక్కులో ఏ చోట పుడుతోందో చెప్పదు. స్కాన్ ఇచ్చే ఆకారాన్నీ, పరీక్ష ఇచ్చే అంకెనూ కలిపే వంతెన సీఎఫ్‌డీ, అంటే ప్రవాహ సమీకరణాలను కంప్యూటర్‌తో సాధించే పద్ధతి.

స్కాన్ ఆధారంగా మనిషి ముక్కులో ప్రవాహాన్ని లెక్కగట్టిన తొలితరం పనుల్లో కీహానీ, షెరర్, మోజెల్ 1995లో ప్రచురించిన అధ్యయనం ముఖ్యమైనది. అప్పట్లో ముక్కులో ఒక వైపును లెక్కించడమే పెద్ద పని. ఇప్పుడు రెండు వైపులనూ కలిపి మంచి లాప్‌టాప్ మీద, డబ్బు పెట్టి కొనక్కర్లేని సాఫ్ట్‌వేర్‌తో చేయవచ్చు. ఈ మార్గదర్శిలో స్కాన్ నుంచి ఆకారం తీయడానికి 3డీ స్లైసర్‌నూ, లెక్కకు ఓపెన్‌ఫోమ్‌నూ, ఫలితాలు చూడడానికి పారావ్యూనూ వాడుతున్నాను. మెకానికల్, బయోమెడికల్ విద్యార్థులనూ, ఈ పనిలో వారితో కలిసే ఈఎన్‌టీ పీజీ వైద్యులనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో తప్పు ఎక్కువగా దొర్లేది సమీకరణాల దగ్గర కాదు, ఆకారం గీసే దగ్గర. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ దశకే ఇచ్చాను.

మొదటి దశ: ప్రశ్నను అంకెల్లో పెట్టుకోవడం

మన ఉదాహరణ ఇది: దూలం వంకరగా ఉన్న ఒక పెద్దమనిషి ప్రశాంతంగా కూర్చుని గాలి పీల్చేటప్పుడు ఏ వైపు ఎంత గాలి పోతోంది, పీడనం ఎక్కడ పడిపోతోంది? ప్రశాంత శ్వాసకు నిమిషానికి 15 లీటర్ల ప్రవాహాన్ని తీసుకోవడం ఈ రంగంలో వాడుక. అంటే సెకనుకు 250 మిల్లీలీటర్లు. రెండు వైపులా సమానంగా పంచుకుంటే ఒక్కో వైపు 125.

ముక్కుపుటం దాటి కొద్దిగా లోపలికి వెళ్లగానే గాలిదారి అన్నిటికన్నా ఇరుకయ్యే చోటు వస్తుంది. దాన్ని నాసల్ వాల్వ్ అంటారు. అక్కడ ఒక వైపు వైశాల్యం 0.8 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, వేగం సెకనుకు సుమారు 1.6 మీటర్లు అవుతుంది. ఆ చీలిక చుట్టుకొలత 5 సెంటీమీటర్లయితే హైడ్రాలిక్ వ్యాసం (వైశాల్యానికి నాలుగు రెట్లను చుట్టుకొలతతో భాగిస్తే వచ్చేది) 6.4 మిల్లీమీటర్లు, గాలి కైనమాటిక్ స్నిగ్ధత సెకనుకు 0.000015 చదరపు మీటర్లు. వీటితో లెక్కిస్తే, ప్రవాహం నెమ్మదిగా సాగుతుందా సుడులు తిరుగుతుందా అని సూచించే రేనాల్డ్స్ సంఖ్య 670 దగ్గర వస్తుంది. కాబట్టి ఈ ఉదాహరణకు లామినార్ ప్రవాహం, అంటే సుడులు లేకుండా పొరలుపొరలుగా సాగే ప్రవాహం, అనుకోవడం సమంజసమే. పరుగు తీస్తున్నప్పుడో, వాసన కోసం గట్టిగా ఎగపీల్చినప్పుడో ఈ ఊహ చెల్లదు. అప్పుడు సుడుల ప్రభావాన్ని అంచనా వేసే కే-ఒమేగా ఎస్‌ఎస్‌టీ వంటి టర్బులెన్స్ నమూనా గానీ, పెద్ద సుడులను నేరుగా లెక్కించే, ఇంకా ఖర్చైన ఎల్‌ఈఎస్ గానీ కావాలి.

శ్వాస నిజానికి అలలా పెరిగి తగ్గుతుంది గదా, స్థిర ప్రవాహంగా లెక్కిస్తే ఎలా అన్న సందేహం సహజమే. ముక్కుపుటం నుంచి గొంతు వెనుక భాగం దాకా దూరం 10 సెంటీమీటర్ల లెక్కన, గాలి ఆ దారిని సెకనులో పదో వంతుకు అటూఇటూగా దాటేస్తుంది. ఉచ్ఛ్వాసమేమో దాదాపు 2 సెకన్లు సాగుతుంది. ప్రవాహం మారే వేగం కన్నా గాలి దాటిపోయే వేగం చాలా ఎక్కువ కాబట్టి, ప్రశాంత శ్వాసలో ఏ క్షణాన్నయినా స్థిర ప్రవాహంగా చూడవచ్చు.

రెండో దశ: స్కాన్

ప్రాజెక్టు కోసమని ఎవరికీ కొత్తగా సీటీ స్కాన్ తీయించవద్దు. అది అనవసరమైన రేడియేషన్. చికిత్స కోసం ఇప్పటికే తీసిన స్కాన్‌ను, రోగి రాతపూర్వక అంగీకారంతో, ఆసుపత్రి నైతిక సంఘం అనుమతితో తీసుకోండి. నేర్చుకోవడానికైతే అంతర్జాలంలో పరిశోధకుల కోసం ఉంచిన డేటా ఉంది. ఉదాహరణకు క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్‌లో తల, మెడ సీటీ స్కాన్‌లు దొరుకుతాయి. స్కాన్ నిల్వ ఉండే డైకామ్ ఫైలులో పేరు, వయసు, ఆసుపత్రి సంఖ్య తీసేసినంత మాత్రాన సరిపోదని కూడా గుర్తుంచుకోవాలి. ముక్కు స్కాన్ నుంచి మనిషి ముఖాన్ని గుర్తుపట్టగలిగేలా పునర్నిర్మించవచ్చు. కాబట్టి పది మందికీ పంచే ఫైలులో గాలిదారి ఉపరితలం మాత్రమే ఉండాలి, ముఖం ఉండకూడదు.

ముక్కు లోపలి దారులు చాలాచోట్ల 1 నుంచి 3 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి. అందువల్ల పొరకూ పొరకూ మధ్య దూరం 1 మిల్లీమీటరు మించకూడదు, 0.6 లేదా అంతకన్నా తక్కువైతే మేలు. 3 మిల్లీమీటర్ల పొరలతో తీసిన మామూలు తల స్కాన్ ఈ పనికి రాదు. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో నునుపు చేస్తే బొమ్మ అందంగా కనిపిస్తుందే తప్ప, పోయిన సమాచారం తిరిగి రాదు.

స్కాన్ తీసిన వేళ ముక్కు ఏ స్థితిలో ఉందో కూడా రాసి పెట్టుకోవాలి. మనకు కొన్ని గంటలకొకసారి ఒక వైపు శ్లేష్మపొర ఉబ్బి, రెండో వైపు కుదించుకుంటుంది. దీన్ని నాసల్ సైకిల్ అంటారు. వైద్య సాహిత్యంలో దీన్ని రిచర్డ్ కైసర్ 1895లో వర్ణించాడు. మన యోగ సంప్రదాయంలో ఇడ, పింగళ పేర్లతో ఏ స్వరం నడుస్తోందని చూడడం అంతకుముందు నుంచీ ఉన్నదే. ఈ సంగతి పట్టించుకోకుంటే, ఆ గంటలో ఉబ్బి ఉన్న కుడివైపును చూసి దూలం వంకర వల్లే అడ్డు పడిందని పొరబడే ప్రమాదముంది. దిబ్బడ తగ్గించే స్ప్రే వేశాక తీసిన స్కాన్ అయితే ఎముక, దూలం వల్ల కలిగే అడ్డును విడిగా చూడవచ్చు. కానీ అది ఆ మనిషి రోజువారీ ముక్కు కాదన్న ఎరుక ఉండాలి.

మూడో దశ: గాలిదారి హద్దు గీయడం

సీటీలో ప్రతి చుక్కకూ, అక్కడి పదార్థం ఎక్స్‌రేను ఎంత ఆపుతుందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ విలువ ఉంటుంది. గాలికి మైనస్ 1000, నీటికి 0. శ్లేష్మపొర నీటికి దగ్గరగా ఉంటుంది. ఈ రెంటి మధ్య ఎక్కడో గీత గీసి, దానికి దిగువనున్నదంతా గాలి అని చెప్పాలి. స్లైసర్‌లోని సెగ్మెంట్ ఎడిటర్‌లో త్రెషోల్డ్ పరికరం తీసుకుని, పై హద్దును మైనస్ 400 దగ్గర పెట్టి మొదలుపెట్టండి.

ఈ గీత ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. దూలానికీ, పక్కగోడ నుంచి వేలాడే కింది టర్బినేట్‌కూ మధ్య 2 మిల్లీమీటర్ల సందు ఉందనుకుందాం. ఒక్కో వోక్సెల్, అంటే స్కాన్‌లోని ఒక్కో ఘనపు చుక్క, 0.4 మిల్లీమీటర్లు. మీ త్రెషోల్డ్ వల్ల రెండు గోడలూ చెరి అర వోక్సెల్ లోపలికి జరిగాయంటే సందు 1.6 మిల్లీమీటర్లవుతుంది. సన్నని సందులో నిరోధం వెడల్పు ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, అది దాదాపు రెట్టింపవుతుంది. చెరొక వోక్సెల్ జరిగితే సందు 1.2 మిల్లీమీటర్లు, నిరోధం నాలుగున్నర రెట్ల పైచిలుకు. కంటికి ఆనని తేడా ఫలితాన్ని తలకిందులు చేస్తుందన్నమాట. అందుకే మైనస్ 300, మైనస్ 400, మైనస్ 500 అనే మూడు విలువలతో మూడు నమూనాలు చేసి, చివరి ఫలితం ఎంత కదులుతోందో చూడడాన్ని నేను తప్పనిసరి పనిగా భావిస్తాను.

త్రెషోల్డ్ వేయగానే గదిలోని గాలి, సైనస్‌లు, నోరు, అన్నీ కలిసి ఒకే రంగులో వెలుగుతాయి. కత్తెర పరికరంతో ముఖం బయటి గాలినీ, నోటినీ వేరుచేయండి. చెంప ఎముకల్లోని మాక్సిలరీ సైనస్‌లలోకి శ్వాసగాలి చాలా తక్కువగా పోతుంది. వాటి సన్నని ద్వారాల దగ్గర కోసి తీసేస్తే ప్రవాహం మీద ప్రభావం స్వల్పం, లెక్క భారం బాగా తగ్గుతుంది. అయితే సైనస్ శస్త్రచికిత్స జరిగి ఆ ద్వారాలు పెద్దవైన వారికి ఈ సౌలభ్యం వర్తించదు. తర్వాత ఐలాండ్స్ పరికరంతో అన్నిటికన్నా పెద్ద ముద్దను మాత్రం ఉంచి, విడిపోయిన చిన్న బుడగలను తుడిచేయండి.

ఇక చేతిపని మొదలవుతుంది. ముఖానికి సమాంతరంగా కోసినట్టుండే కరోనల్ పొరలను ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా నడిపించండి. తెర మధ్యలో దూలం నిలువు గీతలా ఉంటుంది. దానికి ఇరువైపులా పక్కగోడల నుంచి చుట్టలు చుట్టుకుని వేలాడే మూడేసి టర్బినేట్లు, వాటి సందుల్లో వంకర కొక్కేల్లాంటి నల్లని గాలిదారులు కనిపిస్తాయి. దూలం ఒక పక్కకు ఉబ్బి టర్బినేట్‌ను ఆనుకున్నట్టుండే చోట ఆగండి. అక్కడ నలుపు బూడిదరంగులోకి మారిపోయి, త్రెషోల్డ్ రంగు రెండు ముక్కలుగా తెగి ఉంటుంది. నిజంగా తాకుతున్నాయా, లేక వోక్సెల్ కన్నా సన్నని సందు ఉందా? ముందూ వెనకా రెండు పొరలు చూడండి. అటూ ఇటూ సందు స్పష్టంగా ఉండి ఈ ఒక్క పొరలోనే తెగితే, ఒక వోక్సెల్ మందాన బ్రష్‌తో కలపడం న్యాయం. నాలుగైదు పొరలు వరుసగా తెగితే, అది తాకుడే. ఎండిన చీమిడి గాలిదారిలో ముద్దలా నిలిచి ఉంటే దాన్ని గోడగా ఉంచాలా, తీసేయాలా అన్నది ఈఎన్‌టీ వైద్యులు పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట. ఇంజనీరు ఒంటరిగా తేల్చకూడదు. ఇలా చేతితో మార్చిన ప్రతి చోటినీ పొర సంఖ్యతో సహా రాసి పెట్టుకోండి.

వీలైతే అదే స్కాన్‌ను మరొకరి చేత కూడా విడిగా గీయించండి. ఇద్దరి నమూనాల మధ్య వచ్చే తేడాయే మీ లెక్కలోని అసలు అనిశ్చితి.

నాలుగో దశ: ఉపరితలం, కొసలు

సెగ్మెంట్‌ను, అంటే గీసిన గాలిదారిని, ఎస్‌టీఎల్ ఫైలుగా (ఉపరితలాన్ని చిన్న త్రిభుజాలుగా దాచే ఫైలు) ఎగుమతి చేసే ముందు వోక్సెల్ మెట్లు పోయేలా కొద్దిగా నునుపు చేయాలి. నునుపు ఎక్కువైతే సన్నని సందులు కుంచించుకుపోతాయి, మూసుకోవచ్చు కూడా. నునుపు చేసిన ఉపరితలాన్ని మళ్లీ స్కాన్ పొరల మీద పరచి చూసుకుంటే, గీత అసలు హద్దు మీదే ఉందో లేదో తెలిసిపోతుంది. నునుపుకు ముందూ తర్వాతా ఘనపరిమాణాన్ని పోల్చడం రెండో పరీక్ష.

పుటాల దగ్గర గాలిదారిని కత్తితో కోసినట్టు ఆపేసి, ఆ కోతనే ద్వారంగా పెట్టడం సులువే గానీ మంచిది కాదు. గాలి బయట అన్ని దిక్కుల నుంచీ వచ్చి పుటంలోకి వంపు తిరుగుతుంది. ఆ వంపు లోపలి ప్రవాహం దిశను నిర్ణయిస్తుంది. కాబట్టి పుటాల ముందు కొన్ని సెంటీమీటర్ల అర్ధగోళాన్ని చేర్చి, పుటాల చుట్టూ ఉన్న ముఖం కొంత భాగాన్ని గోడగా ఉంచండి. వెనుక గొంతు దగ్గర కోసిన చోట కొన్ని సెంటీమీటర్ల తిన్నని గొట్టాన్ని అతికిస్తే, బయటికి పోయే గాలి వెనక్కి తిరిగి లెక్కను చెడగొట్టదు.

ఎస్‌టీఎల్ ఫైలుకు కొలమానం ఉండదు. స్లైసర్ మిల్లీమీటర్లలో రాస్తుంది, ఓపెన్‌ఫోమ్ మీటర్లలో చదువుతుంది. 1000తో భాగించడం మరిచిపోతే మీరు 100 మీటర్ల పొడవైన ముక్కులో గాలి లెక్కగడుతుంటారు, కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. మెష్ వేసే ముందు హద్దు కొలతలు చూసే అలవాటు చేసుకోండి.

ఐదో దశ: మెష్

గాలి ఉన్న చోటునంతా చిన్న గడులుగా విడగొట్టడమే మెష్. సన్నని సందులో ఒక గోడ నుంచి ఇంకో గోడకు కనీసం 8 నుంచి 10 గడులు ఉండాలి. 2 మిల్లీమీటర్ల సందుకు గడి 0.2 మిల్లీమీటర్లు అన్నమాట. ముక్కు, దాని వెనుక భాగం కలిపి 30 మిల్లీలీటర్ల గాలి పడుతుందనుకుంటే, సుమారు 37 లక్షల గడులు వస్తాయి. 0.3 మిల్లీమీటర్లతో 11 లక్షలు, 0.15తో దాదాపు 90 లక్షలు. ఈ మూడు మెష్‌ల మీదా లెక్క నడిపి, మొత్తం పీడన పతనం మధ్య మెష్ నుంచి సన్నని మెష్‌కు ఒకటి రెండు శాతం కన్నా మారకపోతే మధ్య మెష్ చాలు. దీన్ని దాటవేసిన ఫలితాన్ని ఎవరికీ చూపించవద్దు.

ఓపెన్‌ఫోమ్‌లో స్నాపీహెక్స్‌మెష్ ఈ పని చేస్తుంది. ఉపరితలానికి ఏ వైపున మెష్ వేయాలో దానికి చెప్పే లోపలి బిందువు తప్పనిసరిగా గాలిదారిలోనే ఉండాలి. పొరపాటున టర్బినేట్‌లో పెడితే గాలికి బదులు కండకు మెష్ పడుతుంది. గోడల వెంట మూడు నాలుగు పలుచని పొరలు చేర్చండి. అవి గోడ దగ్గర వేగం పెరిగే తీరును పట్టుకుంటాయి. చివర చెక్‌మెష్ నడిపి, తప్పులు చూపిన గడులు ఎక్కడున్నాయో పారావ్యూలో చూడండి. అవి నాసల్ వాల్వ్ దగ్గర ఉంటే వదిలేయకూడదు.

ఆరో దశ: హద్దు నియమాలు, లెక్క

గోడల మీద వేగం సున్నా. బయటి అర్ధగోళం మీద పీడనం సున్నా, అంటే వాతావరణ పీడనమే ఆధారం. గొంతు కొసన బయటికి సెకనుకు 250 మిల్లీలీటర్ల ప్రవాహం. ఇలా పెడితే ఎడమకెంత, కుడికెంత అన్నది లెక్కలోంచి తేలుతుంది. చాలామంది కొత్తవారు రెండు పుటాలకూ ఒకే వేగం ఇచ్చేస్తారు. అప్పుడు ఏ వైపు ఎంత గాలి పోవాలో వారే ముందుగా నిర్ణయించినట్టవుతుంది, అడిగిన ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది.

స్థిర ప్రవాహాన్ని లెక్కించే ఓపెన్‌ఫోమ్ ప్రోగ్రామ్ అయిన సింపుల్‌ఫోమ్ సాల్వర్‌ను లామినార్ ఎంపికతో నడపండి. పీడనానికి 0.3, వేగానికి 0.7 రిలాక్సేషన్‌తో (ఒక్కో అడుగులో విలువను ఎంత మేర మారనివ్వాలో చెప్పే అంకె) మొదలుపెట్టవచ్చు. వేగానికి రెండో తరగతి (సెకండ్ ఆర్డర్) స్కీమ్ వాడండి. మొదటి తరగతి అప్‌విండ్ లెక్కను త్వరగా కుదురుస్తుంది గానీ, వాల్వ్ దాటి దూసుకొచ్చే గాలిధారను మందగింపజేసి చూపిస్తుంది. రెసిడ్యువల్‌లు, అంటే సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడాలు, తగ్గడం ఒక్కటే చాలదు. పీడన పతనాన్నీ ఎడమ కుడి ప్రవాహాలనూ ప్రతి ఇటరేషన్‌కూ (లెక్క ఒక్కో చుట్టుకూ) రాయించి, అవి నిలకడగా నిలిచాయో లేదో చూడాలి. అవి ఆగకుండా ఊగుతుంటే ఆ ధార నిజంగానే అస్థిరంగా ఉందేమో అనుమానించి, కాలంతో మారే లెక్కకు మారి, సగటు తీసుకోండి.

మూడు పరిమితులు మరవకూడదు: ఇక్కడ గోడలు కదలవు, పుటం రెక్కలు లోపలికి ముడుచుకోవు, శ్లేష్మం లేదు. గట్టిగా పీల్చినప్పుడు పుటం మూసుకుపోయే వారి సమస్య ఈ లెక్కలో కనిపించదు.

ఏడో దశ: ఫలితాన్ని చదవడం

ముందు ఒక హెచ్చరిక. సింపుల్‌ఫోమ్ ఇచ్చే పీడనం సాంద్రతతో భాగించినది. పాస్కల్‌లు కావాలంటే దాన్ని గాలి సాంద్రత 1.2తో గుణించాలి.

పారావ్యూలో రంగురంగుల ప్రవాహరేఖలు తీయడానికి ముందు, పుటం నుంచి గొంతు దాకా వరుసగా 15, 20 అడ్డకోతలు వేసి, ఒక్కోదానిలో సగటు పీడనాన్ని దూరానికి ఎదురుగా గీయండి. ఆరోగ్యవంతుల్లో మొత్తం పతనంలో పెద్ద వాటా ముందు భాగంలో, వాల్వ్ దగ్గరే ఉంటుంది. అక్కడ గాక వెనకెక్కడో గీత నిటారుగా పడిపోతే, ఆ అడ్డకోత తెరిచి స్కాన్‌తో పోల్చండి. అసలు అడ్డు అక్కడుందా, లేక మూడో దశలో మీ బ్రష్ తప్పిందా అన్నది అప్పుడే తేలాలి. తర్వాత ఎడమ కుడి వాటాలు, మధ్య టర్బినేట్ కింది దారిలో పోయే భాగం, వాసన గ్రహించే పైభాగానికి చేరే భాగం చూడండి. మామూలుగా పీల్చిన గాలిలో పదో వంతు అటూఇటూగానే ఆ పైభాగానికి చేరుతుంది.

రోగి అనుభవంతో పోల్చాలనుకునేవారు ఉష్ణాన్ని కూడా లెక్కించాలి. ముక్కు తెరుచుకున్నట్టు అనిపించడం చాలావరకు చల్లదనం వల్ల కలిగే అనుభూతి. పిప్పరమెంటు పువ్వు వాసన పీలిస్తే గాలిదారి వెడల్పు కాకపోయినా హాయిగా ఉన్నట్టు తోచడానికి కారణం, అందులోని మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే టీఆర్‌పీఎం8 గ్రాహకాలను తట్టడమే. అందుకే ఇటీవలి అధ్యయనాలు నిరోధంతో పాటు గోడ నుంచి గాలికి పోయే ఉష్ణాన్ని కూడా చూస్తున్నాయి. 20 డిగ్రీల గాలిని 34 డిగ్రీలకు వేడిచేయడానికి మన ప్రవాహానికి సుమారు 4 వాట్లు కావాలి. అదే గాలి 50 శాతం తేమ నుంచి పూర్తి సంతృప్త స్థాయికి చేరడానికి ఆవిరయ్యే నీరు దాదాపు 17 వాట్లు తీసుకుంటుంది. తేమను వదిలేసి ఉష్ణం మాత్రమే లెక్కించిన నమూనా చల్లదనంలో అధిక భాగాన్ని వదిలేసినట్టే.

ఇక్కడ మనకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. 20 డిగ్రీల చుట్టూ ఉన్న గది గాలి చాలా అధ్యయనాల్లో కనిపించే ఎంపిక. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో గాలి 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పీల్చిన గాలే శ్లేష్మపొర కన్నా వేడిగా ఉంటుంది. వేడి గాలి నుంచి గోడకు పోతుంది, చల్లదనమంతా ఆవిరి వల్లనే రావాలి. మన ప్రాంతపు రోగి గురించి మాట్లాడేటప్పుడు మన ఊరి ఉష్ణోగ్రత, తేమ పెట్టి లెక్కించాలి. వేసవికి ఒకటి, చలికాలానికి ఒకటి నడిపితే ఇంకా మంచిది.

ఎనిమిదో దశ: కొలతతో పోల్చడం, ఆపై మార్చి చూడడం

అదే రోగికి రైనోమానోమెట్రీ చేసి ఉంటే పోల్చండి. కానీ ఆ పరీక్షలో నిరోధాన్ని మామూలుగా 150 పాస్కల్‌ల దగ్గర చెబుతారు, మనం 15 లీటర్ల దగ్గర లెక్కించాం. ప్రవాహం పెరిగితే నిరోధం కూడా పెరుగుతుంది కాబట్టి, ఒకే పీడనం దగ్గర గానీ ఒకే ప్రవాహం దగ్గర గానీ పోలిస్తేనే అర్థముంది. 150 పాస్కల్‌ల దాకా వెళ్తే ప్రవాహం మన లామినార్ ఊహను దాటిపోవచ్చు, అప్పుడు టర్బులెన్స్ నమూనాతో మళ్లీ నడపాలి. రెండు వైపుల నిరోధాలను కలిపేటప్పుడు సమాంతర నిరోధాల సూత్రం వాడాలి. ఒకే కొలమానంలో ఎడమ 0.3, కుడి 0.9 అయితే మొత్తం 0.225. సీఎఫ్‌డీ నిరోధం కొలిచిన దానికన్నా తక్కువ రావడం తరచూ కనిపించేదే. స్కాన్ వేళా, పరీక్ష వేళా ముక్కు ఒకే స్థితిలో లేకపోవడం అందుకు ఒక కారణం.

చివరగా, శస్త్రచికిత్సను కంప్యూటర్‌లో చేసి చూడవచ్చు. వైద్యులు ఎక్కడ దూలాన్ని సరిచేయదలిచారో ఆ భాగాన్ని సెగ్మెంట్‌లో వారి చేతనే సరిచేయించి, నాలుగో దశ నుంచి అన్నీ తిరిగి నడపండి. త్రెషోల్డ్, మెష్ పరిమాణం, హద్దు నియమాలు, ఏవీ మారకూడదు. మారింది దూలం ఒక్కటే అయినప్పుడే తేడాకు కారణం దూలమని చెప్పగలం. వైద్యులకు ఇచ్చే కాగితం మీద ముందూ తర్వాతా పీడన గీతలు రెండూ ఒకే అక్షాల మీద, ఎడమ కుడి ప్రవాహాలు మిల్లీలీటర్లలో, మూడు త్రెషోల్డ్‌లతో వచ్చిన విలువల కనిష్ఠ గరిష్ఠాలు, చేతితో మార్చిన పొరల సంఖ్యలు ఉండాలి. మార్పు వల్ల వచ్చిన తేడా ఆ కనిష్ఠ గరిష్ఠాల మధ్య తేడా కన్నా చిన్నదైతే, ఈ లెక్క ఈ రోగి విషయంలో ఏమీ తేల్చలేకపోయిందని అదే కాగితం మీద స్పష్టంగా రాయండి.